లండను తేటగీతి: టీకా తాత్పర్యము

అవతారిక

ఈ పద్యానికి కర్తలు ఇద్దరు. లండనులో ఉద్యోగం చేసుకునే మనవడు సీతారామపురంలో ఉన్న తాతకు వాట్సాప్‌లో నాలుగు జాగ్రత్తలు చెప్పి పంపాడు. వాటిని తేటగీతిలోకి దించింది అదే ఊళ్లో రిటైరైన తెలుగు పండితుడు. ‘మెసేజి ఫోన్లో ఉంటది, పద్యం నోట్లో ఉంటది. ఫోను చార్జింగు అయిపోతే ఏం జేస్తావు?’ అని ఆయన అడిగితే తాత దగ్గర జవాబు లేకపోయింది.

తాతకూ అవ్వకూ వీసాలు వచ్చాయి. వెలిగొండల అంచున బయలుదేరి ఉదయగిరి, ఆత్మకూరు, నెల్లూరు మీదుగా చెన్నైలో విమానం ఎక్కాలి. ఈ సీమ నుంచి దూరదేశం తరలిన పెద్దల్లో ముందు చెప్పుకోవలసింది ఉదయగిరి బాలకృష్ణుణ్ణి. కృష్ణదేవరాయలు కోట గెలిచి ఆయన్ను హంపికి తీసుకుపోయి, 1515లో గుడి కట్టి నిలిపాడు. ఇప్పుడాయన చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. ఆయనకు దారి చెప్పే పని ఎవరికీ పడలేదు, మోసుకుపోయారు. మన తాత నడవాలి గనుక ఈ టీక.

మూలము

కుడికి నిలువుము మెట్లపై, కొందరేగ
నెడమ విడువుము, కార్డును నెక్కిదిగుచు
తాకజేయుము రెండింట, తప్పిపోవ
నున్నచోటనె నిలువుము, నోరు తెరువు.

ప్రతిపదార్థము

మెట్లపై = కదిలే మెట్ల మీద, అనగా ఎస్కలేటరు మీద; కుడికి = కుడి పక్కకు ఒదిగి; నిలువుము = నిలబడుము; కొందరు = తొందర గలవారు; ఏగన్ = పోవుటకు; ఎడమ = ఎడమ పక్కను; విడువుము = ఖాళీగా వదులుము; కార్డునున్ = బ్యాంకు కార్డును గాని ఆయిస్టరు కార్డును గాని; ఎక్కి దిగుచు = రైలెక్కబోతూ ఒకసారి, దిగి బయటికి వస్తూ ఒకసారి; రెండింట = రెండు గేట్ల దగ్గరా; తాకజేయుము = పసుపుపచ్చని గుండ్రటి గుర్తుకు ఆనించుము; తప్పిపోవన్ = తోడువాళ్లు కనబడకపోగా; ఉన్నచోటనె = ఉన్న తావులోనే; నిలువుము = కదలకుము; నోరు తెరువు = అడుగుము. (‘ఆవులించుము’ అని ఒక పిల్లవాడు చెప్పిన అర్థం ఇక్కడ గ్రాహ్యం కాదు.)

తాత్పర్యము

తొందరపడేవాడికి దారీ, యంత్రానికి కార్డూ, ఎదుటి మనిషికి మాటా ఇచ్చి తిరగవలెనని భావం.

విశేషములు

మొదటి పాదం. ఇక్కడొక పూర్వపక్షం ఉంది. అందరూ కుడికే ఒదిగితే ఎడమ సగం వృథాయే కదా? ఈ శంక లండను వాళ్లకే వచ్చింది. హోల్బోర్న్ అని రాసి హోబన్ అని పలికే స్టేషన్‌లో 2015లో మూడు వారాలు, మళ్లీ 2016లో కొన్ని నెలలు, రెండు పక్కలా నిలబడమని చెప్పి చూశారు. రద్దీవేళ ఎక్కువమంది పైకి చేరుతున్నారని తేలింది. అయినా జనానికి అది మింగుడుపడలేదు. లెక్క గెలిచింది, ఆచారం నిలిచింది. కాబట్టి మూలపాఠమే శరణ్యం.

అవ్వ విషయంలో అధ్యాహారం ఒకటి. మెట్టు నేలతో కలిసిపోయే చోట ఇనప దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి. అక్కడికి రాకముందే కుచ్చిళ్లు ఎడమచేత్తో పైకి పట్టి, కుడిచేత్తో రబ్బరు పట్టీ పట్టుకుని, చివర్న పెద్ద అడుగు వేయాలి. దిగాక వెనక్కి తిరిగి ‘వచ్చినావా?’ అని తాతను అడగరాదు. వెనకున్నవాళ్లు ఆగలేరు, మెట్లు తోసేస్తుంటాయి. నాలుగడుగులు పక్కకు జరిగి అడగాలి.

రెండు, మూడు పాదాలు. పద్యానికి ఆయువుపట్టు ఇదే, చిక్కూ ఇదే. భూగర్భ రైలులో ఎంత దూరం పోయామో దిగేటప్పుడు గాని యంత్రానికి తెలియదు. బయటికొస్తూ తాకించడం మరిస్తే అత్యధిక ఛార్జీ పడుతుంది. గేట్లు లేని చిన్న స్టేషన్లూ ఉంటాయి. అడ్డుకునే తలుపు లేదుగదా అని వచ్చేస్తే డబ్బు పోయినట్టే. అక్కడ గుర్తు ఉన్న స్తంభం ఎక్కడుందో వెతుక్కొని ఆనించాలి.

‘కార్డును’ అని ఏకవచనం వేశాడు గదా, దంపతులకు ఒక్కటి చాలునా? చాలదు. తాత లోపలికి పోయి గేటు మీదుగా కార్డు అవ్వకు అందిస్తే యంత్రం ఒప్పుకోదు. ఒక మనిషికి ఒక కార్డు. పొద్దున కార్డు, మధ్యాహ్నం ఫోను తాకించినా నష్టమే. రోజుకు ఇంతకు మించి పట్టరాదని ఒక హద్దు ఉంది. యంత్రం ఆ రెంటినీ ఇద్దరు మనుషులుగా లెక్కగట్టి, హద్దు దాకా చేరనివ్వదు.

‘రెండింట’ అనేది బస్సుకు చెల్లదు. ఈ అపవాదం పద్యంలో లేదు. యతి కోసం వదిలేశానని పండితుడు అంటున్నాడు గాని, బస్సు సంగతి ఆయనకు తెలియదని ఊళ్లో అనుకుంటున్నారు. ఎర్ర బస్సు ఎక్కేటప్పుడు డ్రైవరు పక్కన ఒక్కసారి తాకిస్తే సరి, దిగేటప్పుడు అక్కర్లేదు. గంటలోపు ఇంకో బస్సు మారినా అదే కార్డు తాకిస్తే మళ్లీ డబ్బు పడదు. 2014 నుంచి బస్సులో రొక్కం తీసుకోరు. అవ్వ కొంగుముడిలోని పౌండ్ల నోటు ఎంత మంచిదైనా దానితో సీటు రాదు.

కండక్టరు ఉండడు. ఇది మన పడమటి నెల్లూరువాళ్లకు పెద్ద లోటు. దిగాల్సిన ఊరు రాగానే గుర్తుచేసేవాడూ, చిల్లర లేదని పోట్లాడేవాడూ లేక బస్సు నిశ్శబ్దంగా పోతుంటుంది. దిగదలచినవాడు ఎర్ర బొత్తాం నొక్కాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది గనుక, అవ్వకు బస్సు కనబడగానే చెయ్యి ఆధార్ కార్డు మీదికి పోవడం అలవాటైంది. లండను బస్సులో ఆధార్ చూపితే డ్రైవరు మర్యాదగా చూస్తాడు, అంతే. అరవై దాటినవాళ్ల పాసు కూడా అక్కడి నివాసులకే, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు లేదు.

అనుక్తములు. పద్యంలో పట్టక జారిపోయినవి కొన్ని చెప్పక తప్పదు. రైలు పటం చూసి దూరం అంచనా వేయరాదు. హ్యారీ బెక్ గీయగా 1933లో అచ్చయిన పద్ధతి అది. ఏ స్టేషను తర్వాత ఏదో చెబుతుంది గాని ఎంత దూరమో చెప్పదు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు రైలెక్కి దిగేలోపు నడిచి పోవచ్చు. జూన్‌లో పొద్దు రాత్రి తొమ్మిది దాటాక గూకుతుంది, డిసెంబరులో నాలుగు కొట్టకముందే. సందెదీపం పెట్టే అవ్వ గడియారం చూడాలా, ఆకాశం చూడాలా అన్నది తేలలేదు. నెయ్యి సీసా పెట్టెలో పెట్టరాదు. పాలతో చేసినవి మన దేశం నుంచి అక్కడికి తీసుకుపోనివ్వరు. మనవడికి ఇష్టమని నాలుగు రోజుల నుంచి వెన్న కాచిన అవ్వకు ఈ వాక్యం చదివి వినిపించే ధైర్యం ఎవరికీ లేదు. ఉదయగిరి కొయ్య గరిటెలు మాత్రం బరువు లేవు, కారవు.

చూడదగినవి. మనవడు లండన్ ఐ అనే పెద్ద చక్రం ఎక్కిస్తానన్నాడట. ఎక్కించనీ. కానీ బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గది చూడకుండా రాకూడదు. వాల్టర్ ఎల్లియట్ 1845లో అమరావతిలో తవ్వించిన స్తూప శిల్పాలు అక్కడ ఉన్నాయి. టికెట్టు లేదు. కృష్ణ ఒడ్డున పుట్టిన రాయి ముందు నిలబడటానికి కృష్ణ దాటి, సముద్రాలు దాటి పోవలసిరావడం ఎట్టాంటిదో తాత చూసి చెప్పాలి. కొల్లూరు గనిదని చెప్పుకునే కోహినూరు లండన్ టవర్‌లో ఉంది. దానికి టికెట్టు ఉంది, అదీ చవక కాదు. కిరీటాల ముందు నేల కదిలిపోతుంటుంది గనుక తనివితీరా చూడనివ్వదు. దిగి మళ్లీ ఎక్కడమే ఉపాయం.

ఎవరూ తీసుకుపోని తావు ఒకటుంది. కెన్సల్ గ్రీన్ స్మశానంలో 1884లో పోయిన సి.పి. బ్రౌన్ సమాధి. మన వెలిగొండలకు అవతల పక్క కడపలో కూర్చుని వేమనను వెతికించి, తాటాకులు కాగితాలకెక్కించి, నిఘంటువు కట్టిన మనిషి. పండితుడు ఆయన కోసం పద్యం ఒకటి రాసి తాత చొక్కా జేబులో పెట్టాడు.

నాలుగో పాదం. ‘ఉన్నచోటనె నిలువుము’ అన్నది మిగిలిపోయినవాడికి. అవ్వ ఎక్కగానే తలుపులు మూసుకుని తాత ప్లాట్‌ఫారం మీద ఉండిపోతే, తాత కదలకూడదు. అవ్వ తర్వాతి స్టేషనులో దిగి, దిగినచోటే నిలవాలి. తాత వెనక రైలు పట్టుకుని అక్కడికి చేరాలి. ఇద్దరూ ఒకేసారి వెతకబోతే ఎదురెదురు రైళ్లలో చేతులూపుకుంటూ పోవడమే. ఈ ఒప్పందం ఇంట్లోనే చేసుకోవాలి, సొరంగంలో కాదు.

పాఠాంతరము. చివరి రెండు మాటలకు మనవడు ‘నోరు మూయు’ అనే పాఠం ప్రతిపాదించాడు. గణాలూ యతీ కూడా కుదిరాయి. అక్కడ రైల్లో ముక్కూమొహం తెలియనివాళ్లతో ఎవరూ మాట్లాడరనీ, పేపరులోనో ఫోనులోనో తల దూరుస్తారనీ అతని వాదం. ఆత్మకూరు బస్టాండులో బస్సు మారేలోపు పక్కవాడి ఊరూ పేరూ, కూతురి కాన్పు సంగతీ తెలుసుకోగలిగిన మనిషికి ఇది ప్రాణసంకటం. పండితుడు రెండు పాఠాలూ ఉంచి, రైలు కదిలేటప్పుడు ఒకటి, ఆగినప్పుడు ఒకటి చదువుకోమన్నాడు. పక్క సీట్లో చంటిబిడ్డతో ఎవరన్నా కూర్చుంటే మాత్రం అవ్వ ఏ పాఠమూ పాటించదని తాత ఇప్పుడే చెబుతున్నాడు.