పండగ హితవుకు టీకా తాత్పర్యం

మూలం: ‘పండుగవేళ భావోద్వేగంతో తినవద్దు. పళ్లెం ముందు కూర్చొని, ఇది ఆకలా, ఆవేదనా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. ఒక్క అరిసెను మనసు పెట్టి, మితంగా ఆస్వాదించండి.’

అవతారిక: భోగికి వారం ముందు ఆరోగ్యం పేజీల్లోనూ, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఏటా వెలిసే వాక్యాలివి. కర్త ఎవరో తెలియదు గనక అపౌరుషేయం. పాఠభేదాలు స్వల్పం: దీపావళికి అరిసె ఉన్నచోట లడ్డూ, క్రిస్మస్‌కు కేకు. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన కోలాచలం మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం అంటారు. అలాంటి గడ్డ మీద ఇంత మాటకు టీక లేకపోవడం లోటే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ముందే మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి సగానికి కట్టుబడి ఉన్నాడు.

ప్రతిపదార్థం: పండుగవేళ = భోగి మొదలు ముక్కనుమ దాకా; భావోద్వేగంతో = తోడికోడలి మాట, తోడల్లుడి కొత్త కారు, పొలం పంపకం మొదలైన హేతువులచేత; పళ్లెం ముందు కూర్చొని = (చివర చెప్పబడును); మితంగా = సుగమం.

అరిసెను: ఇక్కడ కాస్త ఆగాలి. ఆలంకారికులు కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని చెప్పి ఊరుకున్నారు. భారవి పలుకును కొబ్బరికాయతో పోల్చినవాడు మల్లినాథుడే. వంటింటి శాస్త్రం ఇంకా నిక్కచ్చి. తీగపాకం దాటి ఉండపాకం రావాలి. మరుగుతున్న బెల్లం చుక్కను గిన్నెలో చన్నీళ్లలో వేస్తే కరక్కుండా వేళ్ల మధ్య మెత్తని ఉండగా నిలవాలి. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకు పని. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే పిండి కొట్టి జల్లించాలి. ఆకు మీద తట్టి, నువ్వులద్ది, నూనెలో పొంగగానే తీసి, రెండు చెక్కల మధ్య ఒత్తితే నూనె ధారకడుతుంది.

తెలంగాణలో ఈ పీఠం సకినాలది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరిచిన బట్ట మీద వేళ్లతో మెలిపెడుతూ చుట్లు చుట్టాలి. మురుకుల గొట్టంతో అయ్యే పని కాదు. వాడకట్టులోని ఆడవాళ్లు నలుగురు కూడితే గాని తెమలదు. ఇంత వ్యవహారాన్ని మూలకర్త ‘ఒక్క అరిసె’ అని ఒక్క అంకెతో తేల్చెయ్యడం అరసికత.

ఇంతకూ ప్రస్తుతం తినవద్దని చెప్పడం.

మనసు పెట్టి: ఆక్షేపం — తిండికీ మనసుకూ ఏమిటి సంబంధం? సమాధానం — ఉంది. చింత, శోకం, భయం, కోపం, నిద్రలేమి ఉన్నప్పుడు మితంగా తిన్న పథ్యం కూడా అరగదని చరకసంహిత విమానస్థానం రెండో అధ్యాయం చెబుతోంది. ఒత్తిడిలో కార్టిసాల్, నిద్ర చాలనప్పుడు గ్రెలిన్ పెరిగి, తీపి మీదికీ నూనె వంటల మీదికీ మనసు లాగుతుందని నేటి వైద్యం అంటోంది. ఒత్తిడి ఎవరు పెట్టారు, నిద్ర ఎవరు చెడగొట్టారు అన్నచోట మూలం మౌనం.

మితంగా: సుగమమని దాటేశాం గాని, తప్పదు. చరకుడు పొట్టను మూడు పాళ్లు చేసి ఘనపదార్థానికి ఒకటి, ద్రవానికి ఒకటి, వాతపిత్తకఫాలకు ఒకటి ఇచ్చాడు. వాగ్భటుడు నాలుగు చేసి అన్నానికి రెండు, పానీయానికి ఒకటి ఇచ్చి, నాలుగోది గాలికి వదిలాడు. మేనత్తకు రెండు మతాలూ సమ్మతం కావు. ‘‘ఒక్కటేనా? ఇంకోటి వేసుకో నాన్నా, నా మీదొట్టు’’ అంటుంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. వాళ్లలో ఒకరు విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, ‘‘పండగపూట ఏం కాదులే, రేపు మాత్ర ఇంకోటి వేసుకో’’ అని వేళ్ల సందునుంచి జారవిడుస్తారు. ఈ వడ్డించేవాళ్లకు ఎవరూ హితవు రాయరు.

పళ్లెం ముందు కూర్చొని: ఎవరు? చీకటితోనే లేచి ముగ్గేసి, పొయ్యి ముందు నిలబడి వాయి వెంట వాయి దించినావిడ, మూడు బంతులు లేచాక విరిగిన అరిసె ముక్కలు నిలబడే నోట్లో వేసుకుంటుంది. ఆమెకది ఆకలీ, అలసటా, ఉక్రోషమూ కూడా. ప్రశ్నించుకోవాలంటే ముందు కూర్చోవాలి. కూర్చుంటే కాఫీ అడుగుతారు.

తాత్పర్యం: అరిసెలు ఒత్తడానికి ఇంటి మగవాళ్లు చెక్క పట్టాలి, వండినవాళ్లు మొదటి బంతిలో కూర్చోవాలి, వద్దన్నవాళ్లకు వడ్డించరాదు. మూలకర్త ఇదంతా చెప్పదలచి, చోటు చాలక మానుకున్నాడని వ్యాఖ్యాత అభిప్రాయం. ఆ పేజీలో కింది సగమంతా నేతి మిఠాయిల ప్రకటన: రెండు కిలోలు కొంటే అరకిలో ఉచితం.