గాలికి పోయిన లెక్క

మేకతోలుతో చేసిన నాలుగు పలకల దీపాన్ని నేను. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట మా ఊరు. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊరి పేరు చాలామంది చెవిన పడింది. ఆయన ఆడించినవి తోలుబొమ్మలు. రాత్రంతా రామాయణం ఆడమని పిలిచే ఊళ్లు తగ్గాక అదే తోలు, అదే ఉలి, అవే రంగులు దీపాల వైపు మళ్లాయి. మా పెద్దలు వెలుగుకు ఎదురుగా నిలబడి ఆడారు. నేను వెలుగును కడుపులో పెట్టుకున్నాను.

తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగదీసి ఎండబెడితే వెనక పెట్టిన చేతి నీడ కనబడేంత పలచనవుతుంది. నాయన దాని మీద గీతలు గీసి, ఉలితో చుక్కలు కొట్టాడు. వెలుగు తొంగిచూసేది ఆ చుక్కల్లోంచే. పగలు కనబడని తప్పు రాత్రి బల్బు వేయగానే బయటపడుతుంది, అందుకే ఆ పనిలో ఉన్నప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడడు. ఆయన తల్లి, మా జేజి, రెండు వైపులా రంగు పూసింది. నా మీద హంసలు ఉన్నాయి. చుట్టూ ఉన్న అంచు మాత్రం హిందూపురం దగ్గరి లేపాక్షి గుడి కప్పులోది, ఇంటి అమ్మాయి ఫోన్లో పట్టుకొచ్చింది. ధర్మవరం పట్టుచీరల అంచుల్లోకి వెళ్లిన నమూనాలూ ఆ కప్పువే.

ఆన్‌లైన్‌లో అమ్ముదామన్నది కూడా ఆ అమ్మాయే. మొదట అడ్డు పడింది జీఎస్టీ నంబరు. సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్‌లోనూ ఆ నంబరు అక్కర్లేదు. కానీ హిందూపురం దాటితే కర్ణాటక. ఎక్కడో ఉన్న విశాఖపట్నానికి నంబరు లేకుండా పంపొచ్చు, సరిహద్దు అవతలున్న గౌరిబిదనూరుకు పంపకూడదు. మమ్మల్ని కొనేవాళ్లేమో బెంగళూరులో ఉన్నారు. ధర్మవరంలో ఆడిటర్ దగ్గరికి నాలుగుసార్లు తిరిగి నంబరు తెచ్చుకుంది.

నా ధర 2,400 రూపాయలు. బెంగళూరు నుంచి ఆర్డరు వచ్చిన రోజు జేజి నాకు దిష్టి తీసింది. కొరియర్ బండి పెనుకొండ మీదుగా పోయింది. 1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరది. అంతకుముందు అక్కడి ఖజానా చూసిన విరూపణ్ణ, రాజుకు చెప్పకుండా లెక్కంతా లేపాక్షి గుడికి పెట్టాడని మా వైపు కథ చెబుతారు. మా సీమలో డబ్బును లెక్క అనే అంటారు. ఆ లెక్కతో వేసిన అంచునే ఒంటి మీద మోస్తూ నేను పెట్టెలో పోతున్నాను.

వారానికే తిరిగొచ్చాను. ఫోటోలో ఉన్న రంగు లేదన్నారట. వాళ్లను తప్పుపట్టలేను. ఫోటో రాత్రిపూట, బల్బు వెలుగుతుండగా తీసింది. వాళ్లు నన్ను విప్పి చూసింది పట్టపగలు. ఆరిన తోలుదీపం మట్టిరంగులో నిద్రపోతున్నట్టే ఉంటుంది. వచ్చేటప్పటికి నా ఇనుప చట్రం ఒక మూల వంగింది.

ఆ సాయంత్రం ఖాతా చూసి అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. సైటువాళ్లు కమీషన్ వెనక్కి వేశారు. పోను, రాను రవాణా ఖర్చు మాత్రం పడింది, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా. 2,400 రావాల్సిన చోట మైనస్ గుర్తు కనబడింది. బరువు 7.2 కిలోలని రాసుంది.

"ఏడు కిలోలా? దీన్ని చిటికెన ఏలుతో ఎత్తుతా కదమ్మీ!" అంది జేజి.

"పెట్టె పొడవు, ఎడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగిస్తారు జేజీ. 30, 30, 40 సెంటీమీటర్లు. అసలు బరువు కంటే ఇది ఎక్కువొస్తే దీనికే కట్టాల."

నాయన ఉలి కింద పెట్టాడు. "అంటే లోపలుండే గాలికి కడతాండామా?"

"అవు నాయనా, గాలికే."

నాకు ఆ మాట గుచ్చుకుంది. వాళ్లు గాలి అంటున్నది నా కడుపు. వెలుగు నిలబడే చోటది. అది లేకపోతే నేను దీపాన్నే కాను. నాయన చుక్కకు చుక్క కొట్టిన పనికి తూకం లేదు, ఏమీ లేని చోటుకు ఉంది.

ముందు ధర పెంచి చూశారు. 3,200 పెట్టిన దీపాన్ని రెండు నెలలు ఎవరూ తాకలేదు. అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టి, కోత పడిన ప్రతి రూపాయీ రాసుకోసాగింది. అందులో సైటువాళ్లు ముందే పట్టుకునే రెండు పన్ను పద్దులను ఎర్ర సిరాతో వేరు చేసింది: 0.5 శాతం టీసీఎస్, 0.1 శాతం టీడీఎస్. చిన్నవే, కానీ అవి పోయిన లెక్క కాదు, మన పేరున జమయ్యే లెక్క, అడిగి తెచ్చుకోవాలని ఆడిటర్ చెప్పాడు. మిగతా పద్దుల్లో అన్నిటికన్నా పెద్దది గాలిదే.

దారి చూపింది జేజి. "మీ అబ్బ బొమ్మల్ని బుట్టలో ఎట్ల పెడతాండె?" అని అడిగింది నాయనను. ఆయన తలెత్తి చూశాడు. రాముడైనా రావణుడైనా చేతులు మడిచి, ఒకరి మీద ఒకరిని పడుకోబెట్టేవాడు. ఊళ్లకు ఊళ్లు అట్లాగే తిరిగారు.

మరుసటి రోజు పొద్దున నన్ను విప్పారు. కుట్లు తెంపుతుంటే భయం వేసింది, దాచుకోను. నాలుగు పలకలూ నేల మీద వెల్లకిలా పడుకున్నాయి. నా అంచులే కొలతగా కొత్త తోలు మీద రంధ్రాలు గుర్తుపెట్టాడు నాయన. చట్రానికి పైనొక చదరం, కిందొక చదరం, నడుమ నాలుగు ఊచలు, అన్నీ విడివిడిగా. కొన్నవాళ్లే ఇంట్లో తోలుతాడుతో అల్లుకోవాలి. పెట్టె 40, 25, 5 సెంటీమీటర్లకు దిగింది. గుణించి భాగిస్తే సరిగ్గా ఒక కిలో. ఫోటోలు కూడా ఇప్పుడు రెండు, ఆరినప్పటిదీ వెలిగినప్పటిదీ.

అట్లా పోయిన మొదటి దీపాన్ని బెంగళూరులో ఎవరో తల్లీకొడుకులు కలిసి అల్లుకుని ఫోటో పంపారు. ఒక రంధ్రం వదిలేశారు. నాయన ఆ ఫోటో పెద్దది చేసి చూసి, "పోనీలే, నిలబడింది" అన్నాడు.

నన్ను మళ్లీ కుట్టి వసారాలో వేలాడదీశారు, ఇక అమ్మరు. రాత్రి నా వెలుగులోనే జేజి కొత్త అట్టపెట్టె ఎత్తును వేళ్లతో కొలుస్తుంది. మూడువేళ్లు దాటితే వెనక్కి ఇచ్చేస్తుంది.