అడ్వాన్సు పోగా

విజయవాడలో మాకో ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. మా సందులో ఇలాంటి వ్యాపారాలు చాలానే ఉన్నాయి గానీ, ఎవర్నడిగినా పనివాళ్లు పంతొమ్మిది మందే అంటారు. ఎంత పని పెరిగినా పంతొమ్మిదే. ఇరవయ్యో మనిషి గుమ్మంలో కాలు పెట్టాడంటే వాడి వెనకాలే ప్రావిడెంట్ ఫండు కూడా లోపలికొస్తుందని అందరికీ తెలుసు. ఆ తర్వాత పదిమందే మిగిలినా అది మాత్రం పోదు. ఒక శ్రావణమాసం ముహూర్తాల తాకిడికి బైండింగులో ఇద్దర్ని చేర్చుకోక తప్పక మేమా గీత దాటాం. పదో మనిషితోనే వచ్చిన ఈఎస్ఐ అప్పటికే లోపల కుర్చీ వేసుకుని కూర్చుంది.

అంతకుముందు జీతాలు మా గుమాస్తాగారు చూసేవారు. ఎర్ర అట్ట పుస్తకం, మనిషికో పేజీ. ఎడమవైపు జీతం, కుడివైపు అడ్వాన్సులు. ఎడమవైపు ఒకే ఒక్క అంకె ఉండేది. కుడివైపు చోటు చాలక కాగితాలు అతికించేవారు. కొందరికి ఒకటో తారీఖున చేతికి ఏమీ రాదు కాబట్టి, వచ్చిందనిపించడానికి ఇంకో అడ్వాన్సు ఇచ్చేవారు. ఆయన దగ్గరున్న అసలు ఆస్తి "ఇప్పుడు కుదరదు" అనే మాట. దాన్ని మూడు రకాలుగా అనేవారు. ఒకటి నిజంగా కుదరదని. రెండోది సాయంత్రం రమ్మని. మూడోది వేలు కాదు, వందల్లో అడగమని. ఏది ఏదో పనివాళ్లకి తెలుసు, నాకే తెలిసేది కాదు. కళ్లకు శుక్లాలొచ్చి ఆయన కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు.

మా డీటీపీ అమ్మాయి ఎక్సెల్‌లో వేస్తానంది. వేసింది కూడా. 15,000 జీతానికి పీఎఫ్ 12 శాతం, అంటే 1,800 అతని నుంచి, మరో 1,800 మా నుంచి. మాదాంట్లో 8.33 శాతం పెన్షన్‌కి, మిగతాది ఫండుకి. (ఆ 8.33 ఎక్కడిదని బుర్ర గోక్కోకండి, వందను పన్నెండుతో భాగిస్తే వచ్చేదే. బోనస్ కనీస శాతమూ అదే.) ఈఎస్ఐకి అతను 0.75, మేం 3.25. పదిహేను వేలు దాటితే వృత్తి పన్ను 150, ఇరవై దాటితే 200. మౌస్ ఒకసారి కిందికి లాగితే అందరి లెక్కా తేలిపోయింది.

అప్పుడొకతను మూడు రోజులు సెలవు పెట్టాడు. జీతాన్ని 30తో భాగించాలా, 26తోనా? సెలవైతే 30, ఓవర్‌టైమైతే 26 అని మావాళ్లు ఏకగ్రీవంగా తీర్మానించారు.

పైగా పీఎఫ్ వాళ్లకి అంకెకీ అంకెకీ మధ్య హ్యాష్, టిల్డా, హ్యాష్ పెట్టిన టెక్స్ట్ ఫైలు కావాలి. అది చూసి మా అమ్మాయి శుభలేఖ బోర్డరనుకుని ఫోల్డర్ మార్చేసింది. పేర్ల సంగతి సరేసరి. ఒకాయనకి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాన్‌లో వెనకుంది, పాస్‌బుక్కులో ఒక్క అక్షరమే మిగిలింది. ప్రెస్సులో మాత్రం ఆయన్ని అందరూ చిన్నోడా అంటారు. వయసు 54.

సాఫ్ట్‌వేర్ అమ్మే కుర్రాడొచ్చాడు. జీతం చీటీ నేరుగా వాట్సాప్‌కే వెళ్తుందన్నాడు. బాగుంది. అడ్వాన్సుల మాటేమిటన్నాను.

"లోన్ మాడ్యూల్ ఉంది సార్. కారణం సెలెక్ట్ చేస్తే చాలు."

వైద్యం, చదువు, పెళ్లి, ఇల్లు. మా మెషిన్‌మేన్ కారణం ఆషాఢం సారె. కటింగ్ అతనిది బావమరిది. ఆ జాబితాలో బావమరిది లేడు. సరే, మెషిన్‌మేన్ బాకీ మొత్తం ఎక్కించి చూశాం. కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదని చట్టం. తెరంతా ఎర్రబడింది.

"ఈయన ఇంకా పనిలో ఉన్నారా సార్?" అన్నాడు కుర్రాడు.

ఉన్నాడు. బాకీ తీరేదాకా ఎక్కడికీ వెళ్లనని మాటిచ్చాడు. తీరకుండా తనే జాగ్రత్త పడుతున్నాడు.

శాతాలు ఎవరైనా కడతారు. డబ్బిచ్చి తెచ్చుకోవాల్సింది "కుదరదు" అనగలిగే నోటిని. అది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. నాకూ లేదు.

చివరికి పని పంచాను. పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు పదిహేనో తారీఖులోపు కట్టించడం, పేర్లు సరిచేయించడం ఒక కన్సల్టెంటుకి, తలకింత చొప్పున. కట్టిన పీఎఫ్ నా జేబులోకే పోతోందని మావాళ్లకి చాన్నాళ్లు అనుమానం. మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్సు మెసేజ్ వస్తుందని ఆయనే చెప్పాడు. ఇప్పుడు టీ వేళ ప్రెస్సు ప్రెస్సంతా మిస్డ్ కాల్సే. జీతాల షీటు డీటీపీ అమ్మాయికి. అడ్వాన్సులు, మేడ మీద మా ఆవిడకి.

ఆవిడ కారణం అడగదు. "మీ ఇంటావిడకి ఫోను కలుపు, నేను మాట్లాడతాను" అంటుంది, అంతే. చాలామంది రెండో మెట్టు మీంచే వెనక్కి దిగొస్తున్నారు.

మొన్న కన్సల్టెంటు వచ్చాడు. చలాన్ల కాగితాలు బల్ల మీద పెట్టి, కాసేపు ఎండల గురించి మాట్లాడి, "మూడు నెలల ఫీజు అడ్వాన్సుగా సర్దితే బాగుంటుంది సార్" అన్నాడు. నేనేమీ అనలేదు, మెట్లు చూపించాను. పావుగంట తర్వాత దిగొచ్చాడు. ఫోను చెవి దగ్గరే ఉంది, అవతల వాళ్లావిడ.

"అబ్బే, అప్పేం లేదు... నువ్వు ముందు నేను చెప్పేది విను," అంటున్నాడు.