క్రథోంగ్ చెప్పుకున్న సొంత కథ

పుట్టుకతో ఇది అరటి బోదె. బ్యాంకాక్ శివారులోని ఓ కిండర్‌గార్టెన్ వాళ్లు, గెల కోసేసిన చెట్టును గుండ్రటి బిళ్లలుగా కోయించి తెప్పించారు. అందులో ఒక బిళ్లే ఈ కథ చెబుతున్న క్రథోంగ్, అంటే పూలతో అలంకరించి నీళ్లలో వదిలే దీపపు దొప్ప. "నేను" అని చెప్పుకోవడానికి దీనికి మొహమాటం. దీన్ని ఒక్కరే చేస్తే కదా!

థాయ్‌లాండ్ బళ్లలో రెండో సెమిస్టర్ మొదలైన కొద్ది రోజులకే లోయ్ క్రథోంగ్ పండుగ వచ్చేస్తుంది. అక్కడి చాంద్రమానంలో పన్నెండో నెల పున్నమి అది, సాధారణంగా నవంబరులో పడుతుంది. ఇంచుమించు మన కార్తీక పౌర్ణమి రోజులే. అరటి దొప్పల్లో దీపాలు వదిలే తెలుగువాళ్లకు దీని వాలకం కొత్తేమీ కాదు. దండం పెట్టేది కూడా గంగమ్మ తల్లికే. ఏడాది పొడుగునా నీళ్లు వాడుకున్నందుకు కృతజ్ఞత చెప్పి, మురికి చేసినందుకు మన్నించమంటారు.

అరటాకును రేకుల్లా మడవడం నాలుగేళ్ల పిల్లల వల్ల కాదు. ఆ పని, గుండుసూదులు గుచ్చే పని టీచరమ్మలే చేశారు. పూలు పెట్టడం పిల్లల వంతు. ఈ క్రథోంగ్‌ను అందుకున్న పాప దోసెడు బంతిపూలన్నీ ఒకే పక్క గుచ్చేసింది. టీచరమ్మ ఏమీ అనలేదు, బకెట్ నీళ్లలో వదిలి చూడమంది. వదిలీ వదలగానే క్రథోంగ్ ఒరిగిపోయింది. పాప కాసేపు గుడ్లప్పగించి చూసి, మూడు పూలు పీకి అవతలి పక్కకు మార్చింది. ఈసారి నిలబడింది.

మధ్యలో కొవ్వొత్తి, మూడు అగరొత్తులు, ఒక నాణెం పెడతారు. పీడ పోవాలని గోళ్లు, వెంట్రుకలు పెట్టేవాళ్లూ ఉన్నారు.

పండుగ నాడు మగపిల్లలు గోచీపోసి కట్టే చోంగ్ క్రబేన్‌లో, ఆడపిల్లలు భుజం మీదుగా వేసుకునే సబాయ్‌లో వచ్చారు. ఓ పాప నాంగ్ నొప్పమాస్ వేషం కట్టింది. సుఖోథాయ్ రాజాస్థానంలో మొదటి అందాల క్రథోంగ్ చేసింది ఆవిడేనని కథ. ఆ కథ రాసింది మాత్రం చాలా తర్వాత, రత్తనకోసిన్ కాలంలోనని చరిత్రకారులు అంటారు. వేషం కట్టిన పాప బెంగంతా జారిపోతున్న కిరీటం మీదే.

చిన్నపిల్లలు కాబట్టి నది దాకా వెళ్లలేదు, ఆవరణలోనే గాలి నింపిన రబ్బరు తొట్టి పెట్టారు. కళ్లు మూసుకుని కోరిక కోరుకోమంటే, సగం మంది ఓరకంట పక్కవాడి క్రథోంగ్‌నే చూశారు. తొట్టిలో ఒకటే తోపులాట! ఎవరో బ్రెడ్డుతో చేసి తెచ్చింది కాసేపటికే నాని గుజ్జయింది. చేపలు తింటాయని అలా చేస్తారు గానీ, తినగా మిగిలింది నీళ్లను పాడుచేస్తుంది. కుళ్లిపోని ఫోమ్‌తో ఇంకా కష్టం. 2023 పండుగ తర్వాత బ్యాంకాక్ నగరపాలక సిబ్బంది నీళ్లలోంచి తీసిన క్రథోంగ్‌లు 6,39,828. వాటిలో ఫోమ్‌వి మూడు శాతం పైచిలుకే. మిగతావన్నీ దీని చుట్టాలే, అంటే మట్టిలో కలిసిపోయే సరుకే.

మర్నాడు టీచరమ్మలు గుండుసూదులన్నీ ఏరి డబ్బాలో వేశారు. ఇక క్రథోంగ్‌లను ఎరువు గుంటలోకి వేయడమే తరువాయి. ఆకులు పీకే పని మాత్రం పిల్లలు ఎవరికీ వదల్లేదు. చేసినప్పటికంటే హుషారుగా పీకారు.