వరద గారూ, ఎండ కాసిన రోజు రండి

2024 వరదలో ఖమ్మంలో మున్నేరు మీది ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిది మంది చిక్కుకుంటే హెలికాప్టర్ ఎందుకు రాలేదో సర్కారు వారు చెప్పేశారు. వాతావరణం అనుకూలించలేదట. నిజమే మరి, వరద రోజున వాతావరణం పాడైపోతుందని పాపం ముందుగా ఎవరు ఊహిస్తారు?

హెలికాప్టర్‌ను మార్చడం మనవల్ల కాదు. కాబట్టి వరదనే మార్చుకుందామని మా దిక్కు కొండకల్ ఊరి చాయ్ హోటల్లో కూచుని ఒక వినతిపత్రం రాశాం.

అందులో మొదటి కోరిక, వరద ఎండ కాసే రోజునే రావాలి. "ఆన పడకుంటే వరద యాడికెల్లొస్తది సారూ?" అని పక్క బల్ల మీది పెద్దాయన అడ్డం పడ్డాడు. ఉపాయం ఉంది తాతా. వాన అనంతగిరి కొండల మీద కురవాలి. మబ్బులు అక్కడే ఆగిపోవాలి. నీళ్లొక్కటే మూసీ వెంట కిందికి దిగాలి. పైలట్‌కు చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా నీలాకాశం కనిపించాలి, గాలి బుద్ధిగా వీయాలి.

ఇంకోటి, సెలవు రోజుల్లో రావొద్దు. ఆ సెప్టెంబర్ 1 ఆదివారమని మున్నేరుకు తెలియదా? పదిన్నరకు వచ్చి ఐదింటికల్లా తీసేయాలి. లంచ్ టైములో మట్టం పెరగరాదు. మునిగేవాళ్లు కూడా కాస్త సహకరించి, కరెంటు తీగలు లేని చదును జాగా చూసుకుని మునగాలి. మా దిక్కు ఇదొక్కటే కష్టం. చదును జాగాలన్నీ వెంచర్లయ్యాయి. మిగిలింది జలాశయాల చుట్టూ కట్టడాలు వద్దనే 111 జీవో కింద ఉంది, ఆ జీవో ఉందో పోయిందో అడగొద్దు.

1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ ఇవేవీ పాటించలేదు. అప్పుడు హెలికాప్టర్లే లేవు గనుక వాతావరణం మీద నెపం వేసే వీలూ లేకపోయింది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు 150 మందిని కొమ్మల మీద కాపాడింది. ఏ శాఖ అనుమతీ అడగలేదు.

నూటపదహారేళ్ల తర్వాత ఖమ్మంలో ఆ చెట్టు పని ఒక జేసీబీ చేసింది. పొద్దున్నుంచి చీకటి పడేదాకా తొమ్మిది మంది ఆకాశంకేసి చూశాక, పోతే ఒక్కణ్నే పోతా, వస్తే తొమ్మిది మందితో వస్తానని ఒక డ్రైవర్ వరదలోకి బండి దింపాడు. తెచ్చాడు. మున్నేరు 2023 జూలైలోనూ ఊళ్ల మీద పడింది కదా, ఆ ఏడాది కాలంలో సర్కారు వారూ, మీరేం చేశారు? ప్రతి జిల్లాకూ విపత్తు ప్రణాళిక ఉండాలని 2005 చట్టం చెప్పింది. నదికి దగ్గర్లో జేసీబీ ఎవరికుంది, పడవ ఎవరికుంది, ఈత వచ్చినవాళ్లెవరు, వాళ్ల ఫోన్ నంబర్లేమిటి? ఆ ఫైల్లో ఈ ఒక్క పేజీ ఉందా?

ఆ రాత్రి జేసీబీ బోల్తా పడి ఉంటే "హెచ్చరికలు లెక్కచేయక వరదలోకి వెళ్లిన డ్రైవర్" అని మీరే ప్రకటన ఇచ్చేవారు. బతికొచ్చాడు గనుక శాలువా కప్పారు. శాలువా సంగతి తర్వాత. మళ్లీ వరదొస్తే అలాంటి బండికి డీజిల్ ఎవరు పోయిస్తారో, డ్రైవర్‌కు ఏమైనా అయితే ఇంటివాళ్లకు ఎంత ఇస్తారో, ఎవరి సంతకంతో ఇస్తారో, వచ్చే వానాకాలం లోపు కాగితం మీద రాసివ్వండి.