వెరోనా ఇంగ్లీషు వీకెండ్‌లో నేర్చుకోవడం ఎలా?

మీ అమ్మాయి తొమ్మిదో గ్రేడ్‌కి వచ్చిందా? ఎడిసన్‌లో ఉన్నా, ఫ్రిస్కోలో ఉన్నా, చాలా బళ్లలో ఆ ఏడాదే వెరోనాలో జరిగే షేక్‌స్పియర్ నాటకం ‘రోమియో అండ్ జూలియట్’ మీద పడుతుంది. కంగారు పడకండి. ఇన్నేళ్లూ సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషుతో అమెరికాని నెట్టుకొచ్చిన మీకు 1597లో అచ్చయిన నాటకం ఓ లెక్కా!

మొట్టమొదట, కథ చదవకండి. బళ్లలో తరచూ కనిపించే ఫోల్జర్ ప్రతిలో కుడి పేజీలో నాటకం, ఎడమ పేజీలో అర్థాలు ఉంటాయి. కుడి పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టుకోండి. లేకపోతే జూలియట్‌కి ఇంకా 14 నిండలేదనీ, ఆదివారం రాత్రి విందులో చూసిన కుర్రాణ్ణి సోమవారం పెళ్లాడేసిందనీ తెలిసిపోతుంది. ఎమ్మెస్ అయ్యేదాకా ఆ ఊసే ఎత్తొద్దని హెచ్చరించిన ఇంట్లో అవన్నీ దేనికి?

బాల్కనీ సీన్‌లో జూలియట్ నోట ‘వేర్‌ఫోర్’ అన్న మాట వస్తుంది. రోమియో ఎక్కడున్నాడని వెతుకుతోందని ధీమాగా చెప్పేయండి. నిజానికది ‘ఎందుకు’. పోయిపోయి శత్రువులింటి పిల్లాడివే ఎందుకయ్యావని ఆ పిల్ల ఏడుపు. అది వివరించబోతే కథలోకి దిగాలి. వద్దనుకున్నాం కదా.

‘దౌ’, ‘యూ’ల సంగతి మీకెవరూ నేర్పక్కర్లేదు. ఒకటి నువ్వు, రెండోది మీరు. క్లాసులో పిల్లలు ‘దౌ’ని ప్రార్థనల్లో వినీ వినీ మహా మర్యాద మాట అనుకుంటారు. తెలుగువాడికి మాత్రం ఎవరు ఎవర్ని ఎక్కడ నువ్వన్నారో, అది చనువో చులకనో చటుక్కున అందుతుంది. ఇది మాత్రం అమ్మాయికి పొరపాటున కూడా చెప్పకండి. షేక్‌స్పియర్‌కి తెలుగు పనికొస్తుందని తెలిస్తే, మరి ఇంట్లో తెలుగెందుకు మానేశామని అడుగుతుంది.

ఇక సాధన. పొద్దున స్టాండప్‌లో మేనేజర్‌ని ‘ప్రిదీ’ అని బతిమాలి గడువు పెంచమనండి. ‘అనాన్’ అంటే ఇదిగో వచ్చేస్తున్నా అని. సత్యనారాయణ వ్రతానికి పిలిచినవాళ్లకి, ఇంకా స్నానమైనా చెయ్యకుండా మనం ఫోన్లో చెప్పే ‘ఆన్ ద వే’ బదులు హాయిగా వాడుకోవచ్చు.

ఆఖరి అంకంలో, ప్లేగు అనుమానంతో దూతని ఇంట్లో పెట్టి తలుపులు మూసేస్తే రోమియోకి ఒక ఉత్తరం చేరదు. పిల్లలిద్దరూ పోతారు. అప్పుడు తండ్రులు చేతులు కలుపుకుంటారు. వొకాబులరీ క్విజ్‌లో ఇదేమీ అడగరు కనుక ఆ పేజీలు తిప్పేయొచ్చు.