డార్ట్‌మూర్ నిలువురాయిని

ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో, డార్ట్‌మూర్ బీడు మీద, ప్లిమ్ నదికి ఎగువన డ్రిజిల్‌కూంబ్ అనే చోట నిలబడ్డ గ్రానైట్ రాయిని నేను. నాలుగు మీటర్ల పైచిలుకు ఎత్తుంటాను. డార్ట్‌మూర్ మొత్తం మీద నాకంటే పొడుగు నిలువురాయి లేదు. కంచు యుగం మనుషులు నన్నిక్కడ పాతారు.

నా దగ్గర మొదలైన చిన్న రాళ్ల వరుస ఒక సమాధి గుట్ట దాకా సాగుతుంది. ఇలాంటి వరుసలు ఇక్కడ మూడున్నాయి. ఒక్కోదానికి ఒక కొసన సమాధి, మరో కొసన నాలాంటి నిలువురాయి. ఈ నేలకు ఆమ్లగుణం ఎక్కువ, కాల్చని ఎముక నిలవదు. మనిషి ఆనవాలు లేకుండా కరిగిపోయాడు, అతని కోసం మోసుకొచ్చిన రాళ్లు మిగిలాయి. అందుకే ఇక్కడ ఏ రాయి ఎక్కడుందన్నదే సాక్ష్యం.

పక్కనే జెయింట్స్ బేసిన్ అనే రాళ్లగుట్ట ఉంది. వెడల్పు 20 మీటర్లకు పైనే. ఎప్పుడో ఎవరో దాని నడుమ తవ్విపోశారు, ఆ గొయ్యి అలాగే ఉంది. అందులో ఎవరిని, ఏ వస్తువులతో సాగనంపారో చెప్పే ఆధారం ఆ తవ్వకంతోనే పోయింది. ఆ గొయ్యి చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నేను కూడా నేలకొరిగి పడి ఉన్నదాన్నే. 1893లో సబైన్ బేరింగ్-గౌల్డ్ అనే మతగురువు తన మిత్రులతో వచ్చి నన్ను మళ్లీ నిలబెట్టాడు. ఆ మేలు మరవను.

చెయ్యి పడని సమాధి ఎంత చెప్పగలదో 2011లో డార్ట్‌మూర్‌లోనే ఉన్న వైట్‌హార్స్ హిల్ మీద తేలింది. గాలి చొరని తడి పీట్ మట్టిలో ఒక రాతిపెట్టె చెక్కుచెదరకుండా దొరికింది. లోపల ఎలుగుబంటి తోలు, అందులో కాల్చిన ఎముకలు. నారతో అల్లిన బుట్ట, అంబర్ పూసలు, ఆవు వెంట్రుకలతో పేని, తగరపు బొడిపెలు పొదిగిన చేతిపట్టీ. పోయినది పడుచు ప్రాణం. మూడున్నర వేల ఏళ్లకు పూర్వమే ఎంత ప్రేమగా సర్ది పంపారో ఆ పట్టీ ఒక్కటే చెబుతుంది! జెయింట్స్ బేసిన్‌లో ఏముండేదో ఇక ఎవరికీ తెలియదు.

బీడు మీద నడవడానికి వచ్చేవాళ్లు గాలికి అడ్డం కోసమని సమాధి గుట్టల రాళ్లు తీసి పేర్చుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ మాట మీకూ వర్తిస్తుంది. మీ నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణకు దగ్గరలో, నావంటి నిలువురాళ్లున్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఏ జాబితాకూ ఎక్కని, రాకాసి గుళ్లని పిలిచే పాతకాలపు రాతి సమాధులు మీ ఊరి పొలిమేరలోనూ ఉండవచ్చు. వాటి బండల్ని గట్లకూ పునాదులకూ లాక్కెళ్లనివ్వకండి. నిధి ఉందని ఎవరైనా గునపం ఎత్తితే ఆపండి, పురావస్తు శాఖకు కబురు చేయండి.